టేబుల్ దగ్గర్నుంచే ఫోన్‌లో ఆర్డర్: మన బెజవాడ, గుంటూరు హోటళ్ళలో ఎలా పెట్టుకోవాలి

ఏలూరు రోడ్డులో టిఫిన్ సెంటర్ నడిపేవాళ్ళ దగ్గర్నుంచి గుంటూరు లక్ష్మీపురంలో ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ వాళ్ళ దాకా అందరూ అడిగేది ఒకటే, "టేబుల్ మీద స్కానర్ పెడితే పని జరిగిద్దా, ఎక్కడ మొదలెట్టాలి, ఏం కొనాలి" అని. స్కానర్ అంటే ఇక్కడ టేబుల్ మీద పెట్టే క్యూఆర్ కోడ్, కస్టమర్ దాన్ని తన ఫోన్‌తో స్కాన్ చేసి మెనూ చూసి ఆర్డర్ పెడతాడు. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తే సగం చెప్పడం మర్చిపోతున్నా, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు డెమోలో చూపించేవి కాకుండా, హాల్లో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఏం జరిగిద్దో దాన్నిబట్టి రాసిన పద్ధతి ఇది.

ముందే ఒక మాట. సర్వర్లని తగ్గించుకుందాం అనే లెక్కతో పెడుతుంటే మాత్రం వద్దు, దెబ్బతింటారు. కస్టమర్ మన హాల్లో మూడు చోట్ల ఖాళీగా ఎదురుచూస్తాడు. కూర్చున్నాక ఆర్డర్ తీసుకోడానికి ఎవరన్నా వచ్చేదాకా, తింటా తింటా ఇంకో రోటీయో ఇంకో బటర్‌మిల్కో కావాలంటే సర్వర్ కంటపడేదాకా, చెయ్యి కడుక్కొచ్చాక బిల్లు వచ్చేదాకా. ఫోన్ ఆర్డర్ తగ్గించేది ఈ మూడింటినే. వంట టైం ఒక్క నిమిషం కూడా తగ్గదు. ఆ మిగిలిన టైంలో సర్వర్ నీళ్ళు పోయడం, టేబుల్ తుడవడం, వేడిగా తెచ్చి పెట్టడం చూసుకుంటాడు, సర్వీస్ బాగైంది అని కస్టమర్ అనుకునేది అందువల్లే.

ఎవరికి పనికొచ్చిద్ది, ఎవరికి రాదు

బిర్యానీ, స్టార్టర్లు, రోటీ కర్రీ అమ్మే ఫ్యామిలీ రెస్టారెంట్లకి బాగా పనికొచ్చిద్ది. జ్యూస్ పాయింట్, కేఫ్, కాలేజీ పిల్లలు ఎక్కువ వచ్చే బెంజి సర్కిల్, మొగల్రాజపురం, బ్రాడీపేట లాంటి చోట్ల ఇంకా బాగా.

ఫుల్ మీల్స్‌కి మాత్రం పనికిరాదు, ఇది గట్టిగా చెప్తున్నా. పప్పు బకెట్టు పట్టుకుని సర్వర్ లైన్లో తిరుగుతా "అన్నం వెయ్యనా, సాంబారు పొయ్యనా" అని అడిగి మారు వడ్డించడమే మన మీల్స్‌కి సర్వీసు. చెయ్యి కలుపుకుని కూర్చున్న మనిషి ఫోన్ ముట్టుకోలేడు కూడా. మీల్స్ టైంలో క్యూఆర్‌లో స్పెషల్స్ మాత్రం ఉంచండి, అంటే ఆమ్లెట్, రొయ్యల వేపుడు, గోంగూర మటన్, పెరుగు ఎక్స్‌ట్రా లాంటివి, అవి కూడా కూర్చోగానే ఆర్డర్ చేసేటట్టు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల హోటళ్ళలో బస్తాలు దించి ఆకలి మీద వచ్చే రైతులే ఎక్కువ, అక్కడ నోటితో అడిగి రాసుకునే మనిషిని మించింది లేదు.

కావాల్సినవి

మెనూ మొత్తం ఒక ఎక్సెల్ షీట్‌లో ఉండాలి, ఐటమ్ పేరు తెలుగులో ఒక కాలమ్, ఇంగ్లీషులో ఒక కాలమ్, రేటు, వెజ్ నాన్‌వెజ్, ఏ టైం నుంచి ఏ టైం దాకా దొరుకుద్ది.

ఇంటర్నెట్ ఒకటి కాదు రెండు. బ్రాడ్‌బ్యాండ్ లైను ఒకటి, అది పోతే వాడుకోడానికి వేరే కంపెనీ సిమ్ వేసిన డాంగిల్ గానీ ఫోన్ హాట్‌స్పాట్ గానీ ఒకటి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టండి, కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు రౌటర్ ఆగిపోయి మళ్ళీ లేచేసరికి రెండు మూడు నిమిషాలు పోద్ది, ఆ రెండు మూడు నిమిషాల్లోనే నాలుగు ఆర్డర్లు గల్లంతవుతాయి.

కౌంటర్‌లో ఆర్డర్లు కనపడే ట్యాబ్ గానీ పాత ఆండ్రాయిడ్ ఫోన్ గానీ, ఎప్పుడూ చార్జింగ్‌లో ఉండేది. కిచెన్‌లో కేఓటీ ప్రింటర్ (కేఓటీ అంటే ఏ టేబుల్‌కి ఏం వండాలో కిచెన్‌కి పోయే ఆర్డర్ స్లిప్పు). 58 మిల్లీమీటర్ల పేపరుది చవగ్గా వచ్చిద్ది గానీ అక్షరాలు చిన్నగా పడతాయి, ఆవిరిలో వంట మాస్టర్‌కి కనపడదు, కాబట్టి 80 మిల్లీమీటర్లదే తీసుకోండి. బ్లూటూత్‌ది వద్దు, లాన్ వైరు పెట్టేది తీసుకోండి.

చేతిలో పట్టుకునే పాత పేపర్ కేఓటీ బుక్కులు, కార్బన్‌తో సహా. అవి పారేయొద్దు, కింద ఎందుకో చెప్తా.

1. ముందు గడియారం పట్టుకుని లెక్క తీయండి

దీన్ని ఎక్కువమంది చేయరు, చేయకపోతే తర్వాత బాగుపడిందో లేదో మీకే తెలీదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక మామూలు రోజు రాత్రి, హాల్లో ఒక మూల కూర్చుని పది టేబుళ్ళు చూడండి. ఒక కాగితం మీద ప్రతి టేబుల్‌కి ఐదు టైంలు రాయండి: కూర్చున్న టైం, ఆర్డర్ రాసుకున్న టైం, మొదటి ప్లేటు వచ్చిన టైం, బిల్లు అడిగిన టైం, డబ్బులు కట్టి లేచిన టైం. ఓనర్ చూస్తుంటే సర్వర్లు మామూలుకంటే వేగంగా తిరుగుతారు, కాబట్టి ఇంట్లో వాళ్ళనో ఫ్రెండ్‌నో కస్టమర్‌లాగా కూర్చోబెట్టి రాయించండి.

ఇప్పుడు చూసుకోండి, టైం ఎక్కడ పోతోంది. ఆర్డర్ రాసుకోడానికి, బిల్లుకి ఎక్కువ పోతుంటే ఫోన్ ఆర్డర్ మీకు పనికొచ్చిద్ది. ఆర్డర్ రాసుకున్నాక ప్లేటు రావడానికే అరగంట పడుతుంటే మీ సమస్య కిచెన్‌లో ఉంది, ఫోన్ పెడితే ఆర్డర్లు ఇంకా వేగంగా వచ్చి కిచెన్ ఇంకా మునిగిపోద్ది. ముందు అది సరిచేసుకుని రండి.

2. మూడు పద్ధతుల్లో మీకేది కావాలో తేల్చుకోండి

పైసా ఖర్చు లేకుండా మొదలెట్టాలంటే వాట్సాప్. వాట్సాప్ బిజినెస్ యాప్ ఫ్రీ, దాంట్లో క్యాటలాగ్‌లో 500 ఐటమ్స్ దాకా పెట్టుకోవచ్చు, ఫొటో, రేటుతో సహా. డబ్ల్యూఏ డాట్ ఎంఈ అనే లింకు తర్వాత మీ నంబరు, దాని తర్వాత ముందే టైపు చేసిన మెసేజ్ పెట్టి క్యూఆర్ చేయొచ్చు, అంటే ఏడో టేబుల్ క్యూఆర్ స్కాన్ చేస్తే కస్టమర్ ఫోన్‌లో "టేబుల్ 7" అని మెసేజ్ రెడీగా వచ్చిద్ది, ఆ పక్కన ఆర్డర్ రాసి పంపించడమే. ఎనిమిది పది టేబుళ్ళ హోటల్‌కి ఇది చాలు. కష్టం ఎక్కడంటే కౌంటర్‌లో ఒకళ్ళు మెసేజ్ చూసి కేఓటీ చేత్తో రాయాలి, రష్‌లో అది కుదరదు. ఇంకోటి, కస్టమర్ నంబర్ మీకు వచ్చేసిద్ది, దానికి రోజూ ఆఫర్ మెసేజ్‌లు కొడితే బ్లాక్ చేస్తాడు, రావడం కూడా మానేస్తాడు.

రెండోది మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే క్యూఆర్ ఆర్డరింగ్. ఇప్పటికే కంప్యూటర్ బిల్లింగ్ ఉన్నవాళ్ళు ముందు వాళ్ళకే ఫోన్ చేసి అడగండి, చాలామందికి ఇది అదనపు మాడ్యూల్‌గా ఉంటది. ఆర్డర్ నేరుగా కిచెన్ ప్రింటర్‌కి పోద్ది, బిల్లులో కూడా అదే చేరుద్ది. పదిహేను టేబుళ్ళు దాటితే ఇదే మంచిది.

మూడోది ముందే డబ్బులు కట్టి టోకెన్ తీసుకునే పద్ధతి, క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐ కట్టేస్తే టోకెన్ నంబర్ వచ్చిద్ది. టిఫిన్ సెంటర్లకి, జ్యూస్ పాయింట్లకి సరిపోద్ది. ఫ్యామిలీ రెస్టారెంట్‌లో మాత్రం తినకముందే డబ్బులు అడిగితే మన వాళ్ళకి నచ్చదు, పెద్దవాళ్ళతో వచ్చినోళ్ళకి అసలు నచ్చదు.

ఏది తీసుకున్నా రెండు షరతులు. కస్టమర్ యాప్ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన అవసరం ఉండకూడదు, స్కాన్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకోవాలి. ఫోన్ నంబరు, ఓటీపీ అడగకుండానే మెనూ కనపడాలి. ఇడ్లీ తినడానికి వచ్చిన మనిషిని పేరు, నంబర్, పుట్టినరోజు అడిగితే స్కాన్ మూసేసి సర్వర్‌ని పిలుస్తాడు.

3. మెనూని ఫోన్‌కి తగ్గట్టు మార్చండి

లామినేషన్ కార్డు మీద ఉన్న 240 ఐటమ్స్ యథాతథంగా ఎక్కించేసి వదిలేస్తారు చాలామంది. కార్డు మీద అయితే కన్ను ఒక్కసారి పేజీ మొత్తం చూసిద్ది, ఫోన్‌లో బొటనవేలితో పైకి తోసుకుంటా పోవాలి, వెజ్ మంచూరియా దాకా వచ్చేసరికి విసుగొచ్చిద్ది. మీ బిల్లింగ్‌లో గత నెల లెక్క తీయండి, ఎక్కువ అమ్ముడుపోయిన పదిహేను ఇరవై ఐటమ్స్ అన్నిటికంటే పైన పెట్టండి. నెలంతా ఒక్కసారి కూడా అమ్ముడుపోనివి తీసేయండి, దానివల్ల కిచెన్ కూడా బాగుపడిద్ది.

పేర్లు జనం పిలిచేటట్టే రాయండి. చిట్టిముత్యాల పలావు, ఉలవచారు, నెయ్యి కారం ఇడ్లీ, పునుగులు, ఇవన్నీ తెలుగులోనే బాగా అర్థమవుతాయి. కింద చిన్నగా ఇంగ్లీషు ఉంటే బయట ఊళ్ళ వాళ్ళకి పనికొచ్చిద్ది. బిర్యానీకి సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్ అంటే ఎంతమందికి సరిపోద్దో పక్కన రాయండి, సర్వర్‌ని ఎక్కువసార్లు అడిగే ప్రశ్న అదే. కారం తక్కువ, మామూలు, ఎక్కువ అనే ఆప్షన్ పెట్టండి, మన కారం బయట నుంచి వచ్చినోళ్ళకి తట్టుకోవడం కష్టం, పిల్లలున్నోళ్ళు ఎప్పుడూ అడుగుతారు. వెజ్‌కి ఆకుపచ్చ గుర్తు, నాన్‌వెజ్‌కి గోధుమరంగు గుర్తు ప్రతి ఐటమ్ పక్కన ఉండాలి, కార్తీక మాసంలో వెజ్ మాత్రమే చూపించే బటన్ ఉంటే ఇంకా మంచిది.

ఫొటోలు మీ కిచెన్‌లో చేసినవే పెట్టండి, ఇంటర్నెట్‌లోవి వద్దు. ఫొటోలో ఎనిమిది ముక్కలు కనపడి ప్లేటులో ఐదు వస్తే గొడవ సర్వర్ మీద పడిద్ది. ఫొటో సైజు బాగా తగ్గించి ఎక్కించండి, ఫోన్‌లో తీసింది తీసినట్టు ఎక్కిస్తే ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటది, సెల్లార్‌లో సిగ్నల్ సరిగా లేని హాల్లో మెనూ తెరుచుకోడానికే నిమిషం పడిద్ది.

అన్నిటికంటే ముఖ్యం, అయిపోయిన ఐటమ్‌ని వెంటనే ఆపేయడం. మటన్ బిర్యానీ రెండున్నరకి అయిపోతే రెండున్నరకే మెనూలో ఆగిపోవాలి. ఈ పని ఎవరిదో పేరు పెట్టి ఒకళ్ళకి అప్పజెప్పండి, "ఎవరో ఒకళ్ళు చూసుకుంటారు" అంటే ఎవరూ చూసుకోరు. ఆర్డర్ పెట్టాక పది నిమిషాలకి వచ్చి "సార్ అది లేదు" అంటే ఆ కస్టమర్ మళ్ళీ స్కాన్ చేయడు.

4. క్యూఆర్ తయారీ, అంటించడం

ప్రతి టేబుల్‌కి వేరే కోడ్ ఉండాలి, హాల్ అంతటికీ ఒకటే పెట్టి కస్టమర్‌నే టేబుల్ నంబర్ టైపు చేయమంటే తప్పు నంబర్లు పడి పక్క టేబుల్‌కి బిర్యానీ పోద్ది.

క్యూఆర్‌లో సగం చెరిగినా చదవగలిగే ఏర్పాటు లోపలే ఉంటది అని కొందరు అనుకుంటారు, సగం కాదు, ఎక్కువలో ఎక్కువ పెట్టుకుంటే దాదాపు 30 శాతం దాకా. తయారుచేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ అని అడుగుద్ది, హెచ్ అనేది ఎంచుకోండి, మన టేబుళ్ళ మీద పసుపు, నూనె, కారం మరకలు పడతాయి కదా. సైజు 4 సెంటీమీటర్లకి తగ్గొద్దు. తెల్లటి మీద నలుపే. చుట్టూ తెల్ల మార్జిన్ వదలండి, అందంగా ఉంటదని అంచుదాకా డిజైన్ వేయిస్తే స్కాన్ అవదు. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైటు వెలుతురు దానిమీద పడి కెమెరాకి కనపడదు, మ్యాట్ వేయించండి. టేబుల్ గ్లాసు కింద పెట్టడం కూడా అంతే.

ఇప్పుడు ఇక్కడ రెండు జాగ్రత్తలు.

ఒకటి, ఇంటర్నెట్‌లో "ఫ్రీ క్యూఆర్" అని చేసిచ్చే కొన్ని వెబ్‌సైట్లు కోడ్‌ని వాళ్ళ లింకు మీదుగా తిప్పుతాయి, ట్రయల్ అయిపోగానే కోడ్ పనిచేయదు, మళ్ళీ డబ్బులు కట్టమంటాయి. అప్పటికి మీరు ఆ కోడ్‌తో టేబుళ్ళ మీద పెట్టే స్టాండ్లు ఇరవై ప్రింట్ చేయించి ఉంటారు. వీలైతే మీ హోటల్ పేరుతో సొంత డొమైన్ ఒకటి కొని ఆ లింకుతోనే క్యూఆర్ చేయించండి, రేపు సాఫ్ట్‌వేర్ కంపెనీ మారినా లోపల దారి మార్చుకోవచ్చు, స్టాండ్లు మార్చక్కర్లేదు.

రెండు, మన జనం క్యూఆర్ కనపడగానే ఫోన్‌పే గానీ గూగుల్ పే గానీ తెరిచి స్కాన్ చేస్తారు, అలవాటు అది. పేమెంట్ యాప్‌తో మెనూ కోడ్ స్కాన్ చేస్తే పనిచేయదు, "మీ స్కానర్ పాడైంది" అని వెళ్ళిపోతారు. కాబట్టి స్టాండ్ మీద పెద్దక్షరాలతో తెలుగులో రాయించండి: "మెనూ, ఆర్డర్ కోసం. ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి". పేమెంట్ క్యూఆర్ అదే స్టాండ్ మీద పెట్టొద్దు, వైఫై క్యూఆర్ కూడా పెట్టొద్దు. ఒక స్టాండ్ మీద మూడు కోడ్‌లుంటే ఏది దేనికో ఎవరికీ అర్థం కాదు. వైఫై పాస్‌వర్డ్ గోడ మీద రాయండి, కస్టమర్లకిచ్చే వైఫై, మీ బిల్లింగ్ నడిచే వైఫై వేరువేరుగా ఉండేటట్టు రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టించండి.

5. కిచెన్‌కి ఆర్డర్ ఎలా పోవాలి

ప్రింటర్ పొయ్యి పక్కన పెట్టొద్దు. థర్మల్ పేపర్ వేడికి నల్లబడిద్ది, పొయ్యి సెగకి స్లిప్పు మొత్తం నల్లగా అయిపోయి ఏం రాసుందో కనపడదు. మాస్టర్ చెయ్యి అందేటట్టు, సెగ తగలనట్టు పెట్టండి.

తెలుగు పేర్లు కేఓటీలో వస్తాయా అని ముందే ప్రింట్ తీసి చూడండి, చాలా థర్మల్ ప్రింటర్లలో తెలుగు ఫాంటు ఉండదు, ప్రశ్నార్థకాలో డబ్బాలో పడతాయి. సాఫ్ట్‌వేర్ బొమ్మలాగా ప్రింట్ చేస్తే వచ్చిద్ది. చైనీస్, తందూరీ మాస్టర్లు ఒడిశా వాళ్ళో నేపాల్ వాళ్ళో ఉంటే వాళ్ళకి తెలుగు చదవడం రాదు, వాళ్ళ సెక్షన్ స్లిప్పు ఇంగ్లీషు పొట్టి పేర్లతో రావాలి. కర్రీ, తందూర్, చైనీస్, జ్యూస్ సెక్షన్లకి స్లిప్పులు విడివిడిగా పడితే ఒకళ్ళ స్లిప్పు కోసం ఇంకొకళ్ళు వెతుక్కోరు.

ఆర్డర్ నేరుగా కిచెన్‌కి పోవాలా, ముందు కెప్టెన్ (సర్వర్లని చూసుకునే మనిషి) ఓకే చేయాలా అని అడుగుతారు. మొదటి ఆర్డర్‌కి కెప్టెన్ ఓకే ఉండాలి అనేదే నా సలహా. ఎందుకంటే ఎవడో మొన్న తిని వెళ్ళినోడి ఫోన్‌లో ఆ లింకు ఇంకా ఉంటది, ఇంట్లో కూర్చుని సరదాకి ఏడో టేబుల్‌కి నాలుగు బిర్యానీలు పెట్టగలడు. ఆర్డర్ రాగానే కెప్టెన్ ఆ టేబుల్ దగ్గరికి వెళ్ళి, "సార్, రెండు సింగిల్ ధమ్ బిర్యానీ, ఒక అపోలో ఫిష్, కారం తక్కువ, అంతేనాండి?" అని ఒక్కసారి చదివి ఓకే నొక్కాలి. తప్పులు అక్కడే దొరుకుతాయి, పలకరించినట్టూ ఉంటది. ఆ తర్వాత పెట్టే రోటీలు, కూల్‌డ్రింక్‌లు నేరుగా పోనివ్వండి. బిల్లు కట్టగానే ఆ టేబుల్ సెషన్ మూతపడాలి, పాత లింకుతో మళ్ళీ ఆర్డర్ పెట్టలేకుండా. ఈ సౌకర్యం ఉందా అని సాఫ్ట్‌వేర్ వాళ్ళని తప్పకుండా అడగండి, డెమోలోనే చేసి చూపించమనండి.

6. బిల్లు, డబ్బులు

బిల్లు కస్టమర్ ఫోన్‌లోనే కనపడి అక్కడే యూపీఐ కట్టే ఏర్పాటు ఉంటే ఎదురుచూపు బాగా తగ్గుద్ది. పేమెంట్ గేట్‌వే (ఫోన్‌లో కట్టిన డబ్బులు మీ అకౌంట్‌కి చేర్చే కంపెనీ సర్వీసు) పెట్టించుకునేటప్పుడు చార్జీలు ఏ పేమెంట్‌కి ఎంతో కాగితం మీద తీసుకోండి. బ్యాంకు అకౌంట్ నుంచి మామూలుగా కట్టే యూపీఐకి 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర ఎండీఆర్ (ప్రతి పేమెంట్ మీద కోసుకునే చార్జీ) లేదు, కానీ గేట్‌వే కంపెనీ తన ప్లాట్‌ఫామ్ ఫీజు వేరే వేయొచ్చు, చాలా కార్డులకి చార్జీ ఉంటది.

డబ్బులు కట్టినట్టు స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మి కస్టమర్‌ని పంపించొద్దు. సౌండ్‌బాక్స్ చెప్పాలి, లేదా మీ సిస్టమ్‌లో పెయిడ్ అని పడాలి.

స్టాండ్ల మీద, కౌంటర్ మీద ఉన్న పేమెంట్ క్యూఆర్‌ల మీద వేరేవాళ్ళ స్టిక్కర్ అంటించి డబ్బులు కొట్టేసే మోసాలు దేశంలో చాలాచోట్ల జరిగాయి. రోజూ పొద్దున షట్టర్ తీయగానే ఒకళ్ళు ప్రతి కోడ్‌ని గోటితో గీరి చూడాలి, స్కాన్ చేసి మీ హోటల్ పేరే వస్తోందా చూడాలి.

ట్యాక్స్ సెట్టింగు సాఫ్ట్‌వేర్ కుర్రాడికి వదిలేయకుండా మీ ఆడిటర్‌తో చూపించండి. మామూలు రెస్టారెంట్‌కి జీఎస్టీ 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా, అంటే మీరు సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని ఇందులోంచి తగ్గించుకోడానికి లేదు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకి ఉండే సులువు జీఎస్టీ పద్ధతి) ఉన్నవాళ్ళు కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, కానీ సాఫ్ట్‌వేర్‌లో డీఫాల్ట్‌గా 5 శాతం పడిపోతా ఉంటది, ఎవరూ గమనించరు. సర్వీస్ చార్జి కూడా ఆటోమేటిక్‌గా వేయొద్దు, వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలోనే గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఫుడ్ లైసెన్స్ 14 అంకెల నంబరు బిల్లు మీద ఉండాలి, ఫోన్‌లో వచ్చే బిల్లులో కూడా వస్తోందో లేదో చూడండి.

7. స్టాఫ్‌కి చెప్పడం

మెషీన్లు పెట్టడం కంటే ఇది కష్టం, దీనికే ఎక్కువ టైం ఇవ్వండి. స్టాండ్లు టేబుళ్ళ మీదకి రాగానే సర్వర్లందరికీ ఒకటే అనుమానం, మా ఉద్యోగం పోద్దా అని. ఎవర్నీ తీసేయట్లేదు అని నోటితో చెప్పండి, నిజంగా తీసేయకండి. టిప్పులు తగ్గుతాయని కూడా వాళ్ళ భయం, అది నిజమైన భయం, ఎందుకంటే ఫోన్‌లో బిల్లు కట్టినోళ్ళు చిల్లర ప్లేటులో వదలరు. బిల్లులో కస్టమర్ ఇష్టమైతే టిప్పు కలిపే ఆప్షన్ పెట్టి, ఆ డబ్బులు రోజు రాత్రే పంచేయండి, నెలాఖరు దాకా ఆపొద్దు. ఇది చేయకపోతే స్టాఫే కస్టమర్‌కి "స్కానర్ పనిచేయట్లేదు సార్, నాకు చెప్పండి" అని చెప్పేస్తారు, మీరు పెట్టిందంతా మూలన పడిద్ది.

కస్టమర్ కూర్చోగానే మొదట నీళ్ళు, తర్వాత మాట. ఏం మాట్లాడాలో కూడా నేర్పించండి: "నమస్తే అండి, ఫోన్‌లో చూసి పెట్టినా సరే, నాకు చెప్పినా సరే, రాసుకుంటా." అంతే. స్టాండ్ చూపించి "స్కాన్ చేయండి" అని వెళ్ళిపోతే పెద్దవాళ్ళకి అవమానంగా ఉంటది. ప్రింటెడ్ మెనూ కార్డులు తెలుగులో ఓ అరడజను ఉంచండి, అరవై దాటినోళ్ళు కూర్చుంటే అడక్కముందే కార్డు ఇవ్వాలి. ఫోన్‌లో చార్జింగ్ లేనోళ్ళు, పాత కీప్యాడ్ ఫోన్ ఉన్నోళ్ళు, పిల్లాడు ఫోన్‌లో బొమ్మలు చూస్తుంటే లాక్కోలేని తల్లులు, వీళ్ళందరికీ నోటి ఆర్డరే.

కెప్టెన్ చేతిలో కూడా అదే మెనూ తెరిచిన ఫోన్ ఉండి, నోటితో చెప్పింది దాంట్లోనే కొడితే రెండు రకాల ఆర్డర్లూ ఒకే చోటికి చేరతాయి. ఇది తప్పక చేయండి, లేకపోతే కిచెన్‌లో రెండు లైన్లు తయారై ఏది ముందో తెలీదు.

8. నాలుగు టేబుళ్ళతో మొదలెట్టండి

హాలంతా ఒకేసారి పెట్టొద్దు. ఒక సెక్షన్‌లో నాలుగు టేబుళ్ళు, మంగళవారమో బుధవారమో. దసరా పది రోజులు కొండ మీదకి వచ్చే జనంతో బెజవాడ హోటళ్ళకి ఊపిరాడదు, ఆ టైంలోగానీ పెళ్ళిళ్ళ సీజన్‌లోగానీ కొత్తవి పెట్టకండి. మొదట రిపీట్ ఆర్డర్లు, బిల్లు మాత్రమే ఫోన్‌లో పెట్టి, మొదటి ఆర్డర్ కెప్టెనే తీసుకునేటట్టు ఒక వారం నడపండి. కస్టమర్‌కి అలవాటవుద్ది, కిచెన్‌కీ అలవాటవుద్ది, తప్పు జరిగినా ఒక రోటీతో పోద్ది. తర్వాత వారం మొదటి ఆర్డర్ కూడా తెరవండి.

నెట్ పోతే ఏం చేయాలో ట్రయల్‌లోనే ఆడించి చూడండి. కావాలని రౌటర్ ఆపేయండి. కౌంటర్‌లో వాళ్ళు హాట్‌స్పాట్‌కి మారడానికి ఎంతసేపు పట్టింది, సర్వర్లకి ఎవరు చెప్పారు, పేపర్ కేఓటీ బుక్కులు ఎక్కడున్నాయో అందరికీ తెలుసా. అందుకే బుక్కులు పారేయొద్దన్నది.

ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి మందు

ఆర్డర్ పెట్టాడు గానీ కిచెన్‌కి రాలేదు: ఎక్కువసార్లు ప్రింటర్‌లో పేపర్ అయిపోవడమే. రోల్ చివర్లో ఎర్ర గీత కనపడగానే మార్చాలి, స్పేర్ రోల్ ప్రింటర్ పక్కనే ఉండాలి. కౌంటర్ ట్యాబ్‌లో సౌండ్ తగ్గించి పెట్టి ఉన్నా ఇదే జరిగిద్ది.

ఒకే ఆర్డర్ రెండుసార్లు పడింది: నెట్ నెమ్మదిగా ఉండి కస్టమర్ బటన్ రెండుసార్లు నొక్కాడు, లేదా ఒకే టేబుల్‌లో ఇద్దరు వేరువేరు ఫోన్ల నుంచి పెట్టారు. కెప్టెన్ ఓకే చేసేటప్పుడు ఒకే టేబుల్‌కి దగ్గర దగ్గర టైంలో రెండు ఒకేలాంటివి కనపడితే అడగాలి.

టేబుళ్ళు కలిపారు: పదిమంది ఫ్యామిలీ వస్తే రెండు టేబుళ్ళు జరిపి వేస్తాం కదా, రెండు స్టాండ్లు ఉంటే రెండు బిల్లులు పడతాయి. ఒక స్టాండ్ వెంటనే తీసేయాలి. స్టాండ్ ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి పోవడం కూడా చాలా మామూలు, రాత్రి టేబుళ్ళు తుడిచేటప్పుడు అన్నీ ఒకచోట పెట్టి పొద్దున చేతికొచ్చింది చేతికొచ్చినట్టు పెడతారు. టేబుల్ అంచు మీద నంబర్ శాశ్వతంగా రాయించి, స్టాండ్ నంబర్‌తో సరిపోతుందో లేదో పొద్దున చూడాలి.

ఆర్డర్ పెట్టాక నిశ్శబ్దం: ఆర్డర్ వెళ్ళిందో లేదో తెలీక కస్టమర్ కంగారు పడతాడు. స్క్రీన్ మీద "కిచెన్‌కి చేరింది" అని పడాలి, ఐటమ్‌కి ఎంతసేపు పడిద్దో పడాలి. టైం తక్కువ చూపించి ఆలస్యం చేసేకంటే, ఇరవై నిమిషాలు పట్టేదానికి పాతిక అని పెట్టి ఇరవైకి ఇవ్వండి.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుసుకోవాలి

నెల తర్వాత మళ్ళీ అదే కాగితం, అవే ఐదు టైంలు, అదే ఆదివారం మధ్యాహ్నం, వీలైతే అదే మనిషితో రాయించండి. కూర్చున్నప్పట్నుంచి ఆర్డర్ దాకా, బిల్లు అడిగినప్పట్నుంచి లేచేదాకా టైం తగ్గిందా. తగ్గకపోతే ఎక్కడో అడ్డం ఉంది, చాలావరకు కెప్టెన్ ఓకే నొక్కడంలోనే ఆలస్యం ఉంటది, హాల్లో ఇద్దరికి ఆ అధికారం ఇవ్వండి.

రోజూ రాత్రి మూడు అంకెలు రాసుకోండి: మొత్తం ఆర్డర్లలో ఫోన్‌లో వచ్చినవి ఎన్ని, తప్పు వెళ్ళి వెనక్కి వచ్చిన ప్లేట్లు ఎన్ని, అయిపోయిన ఐటమ్‌కి ఆర్డర్ పడినవి ఎన్ని. రెండోది, మూడోది వారం వారం తగ్గుతా ఉండాలి. మొదటిది ఎక్కువ రావాలని కస్టమర్లని బలవంతపెట్టకండి, సగంమంది నోటితోనే చెప్తున్నా పర్లేదు, ఎందుకంటే మిగతా సగం ఫోన్‌లో పెట్టబట్టే వీళ్ళ దగ్గర నిలబడి మాట్లాడే తీరిక సర్వర్‌కి వచ్చింది.

ఇంకో పరీక్ష, మీ ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకొచ్చి కూర్చోబెట్టండి, ఏం చెప్పకండి, స్టాండ్ ముందు పెట్టి వదిలేయండి. వాళ్ళు ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ స్టాండ్ మీద రాత గానీ, మెనూ గానీ, సర్వర్ మాట గానీ మార్చాలి.

వాట్సాప్ పద్ధతితో మొదలెట్టినోళ్ళు, రష్ టైంలో మెసేజ్ వచ్చాక కేఓటీ రాయడానికి మూడు నిమిషాలు దాటుతోందంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పద్ధతికి మారే టైం వచ్చినట్టే. అప్పుడు పై 3, 5, 6 మళ్ళీ మొదట్నుంచి చేయాలి, మెనూ షీట్ రెడీగా ఉంది కాబట్టి ఈసారి సగం పని తగ్గుద్ది.